అల్లుడుగారి ఎర్తు తీగ

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవారి వివరాలు, హోదా ప్రకారం, ఇవి. మొదట మందుల ఫ్రిజ్. తర్వాత దాని చలిని క్షణక్షణం కొలిచే తెల్ల పెట్టె. ఆ పెట్టె చెప్పింది చెప్పినట్టు తెర మీద గీత గీసే కంప్యూటర్. వాటి తర్వాత మనుషులు. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరై, ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకోని పెదనాన్న. ఫ్రిజ్‌ని ఒకసారి చూసి వెళ్దామని వచ్చి, అత్తను తమ ఊళ్ళోనే వదిలేసి, ఇక్కడే ఉండిపోయిన మావయ్య. మంచం మీద నాయనమ్మ. మంచం కింద ఏదో తీగ కోసం వెతుకుతూ నాన్న. వంటగదిలో అమ్మ. చివరగా నేను. నేను నడవాలో ఉన్నాను. నడవా ఇంట్లో భాగమా కాదా అనే దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి గాని, నా మంచం అక్కడ వేశారు గనుక భాగమేనని అనుకుందాం.

మా ఇంట్లో లోపలి నుంచి గడియ పడే గది ఒక్కటే ఉంది. అది నాది. నాకు మనుషులతో మాట్లాడటం రాదు, డైరీతో మాట్లాడటం వచ్చు. డైరీతో మాట్లాడాలంటే గడియ కావాలి. నడవాలో కూర్చుని డైరీ రాయడమంటే నోటీసు బోర్డు మీద రాయడమే. నీళ్ళకు వెళ్ళేవాళ్ళొక వాక్యం, తిరిగొచ్చేవాళ్ళొక వాక్యం చదువుకుంటూ పోతారు. నాయనమ్మకు చదువు రాదు గనుక ఆవిడ పైకి చదివించుకుంటుంది.

నాన్నది మందుల వ్యాపారం. చల్లగా దాచాల్సిన మందులు తయారుచేసే ఒక కంపెనీ, మా ప్రాంతానికి నాన్నను ఏజెంటుగా పెట్టుకుంటామని కబురు పంపింది. ఒకటే షరతు. ఫ్రిజ్‌లోని చలి రాత్రింబవళ్ళు నాలుగు డిగ్రీల దగ్గరే ఉందని గీత సాక్ష్యం చెప్పాలి. తనిఖీ అధికారి వచ్చి ఆ గీతను చూసి సంతకం పెట్టాలి. ఇంట్లో ఎండ తగలని గది నాదే గనుక ఫ్రిజ్ నా గదిలోకి వచ్చింది, నా మంచం నడవాలోకి వెళ్ళింది. "గీత తిన్నగా వచ్చి, సంతకం పడిన రోజున సరంజామా అంతా అంగడి గదిలోకి మార్చేస్తాను తల్లీ. నీ గది నీదే" అని నాన్న మాట ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రపంచంలో ఆ గీత బాగు కోరేవాళ్ళలో నన్ను మించినవాళ్ళు లేరు.

కాని గీత మొదటి రోజు నుంచీ వానలో తడిసిన కోడిపిల్లలా వణికింది. ఫ్రిజ్ తలుపు మూసే ఉంది. లోపల మందుల బదులు పరీక్ష కోసం పెట్టిన నీళ్ళ సీసాలు ఏ చీకూ చింతా లేకుండా ఉన్నాయి. ముట్టుకుంటే నిన్నటి చల్లదనమే. గీత మాత్రం ఒక క్షణం మంచుకొండ ఎక్కేది, మరుక్షణం పొయ్యిలో దూకేది.

పెదనాన్న దీన్ని క్రమశిక్షణ సమస్యగా గుర్తించారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఇంట్లో కరెంటు మీద అజమాయిషీ లేదురా. ఎవరికి తోచిన స్విచ్చి వాళ్ళు వేసేస్తున్నారు. గీత బెదరక ఏం చేస్తుంది?"

ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదట ఫ్యాను ఆపారు. గీతలో మార్పు లేదు. మార్పు లేదు గదా, ఫ్యాను మళ్ళీ వేద్దామా అని అమ్మ అడిగింది. ఆపినదాన్ని మళ్ళీ వేస్తే ఆపడం పొరపాటని ఒప్పుకున్నట్టవుతుంది, అది పరిపాలనకు మంచిది కాదు అన్నారు పెదనాన్న. అలా ఫ్యాను పోయింది. తర్వాత ట్యూబులైటు పోయింది. మిక్సీ పోయింది. ఎవరూ నొక్కని కాలింగ్ బెల్ పోయింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి కేకలేయడం మొదలుపెట్టారు. సెల్‌ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో అడుగున పాతిపెట్టారు. ఫోను మోగినప్పుడల్లా ఇంటిల్లిపాదీ మోచేతుల దాకా బియ్యంలో చేతులు పెట్టి వెతుక్కునేవాళ్ళం. ఈలోగా అవతలివాళ్ళు విసిగి పెట్టేసేవారు. ఇంట్లో ప్రశాంతత పెరిగిందని పెదనాన్న సంతృప్తి వ్యక్తం చేశారు.

పక్కింటి దర్జీ దగ్గరికి కూడా ఆయన స్వయంగా వెళ్ళి, జాతి ఆరోగ్యం దృష్ట్యా కుట్టు మిషను ఆపవలసిందిగా కోరారు. అది కాలితో తొక్కే మిషను. దానికి కరెంటుతో ముఖపరిచయం కూడా లేదు. ఆ మాట దర్జీ చెప్పబోతే, "సూత్రం సూత్రమేనయ్యా, ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారు" అన్నారు. పాపం దర్జీ మిషను ఎత్తుకుని వీధి చివరికి పోయాడు. గీత వణుకుతూనే ఉంది.

"ఏమండీ" అంది అమ్మ నాన్నతో, చెమట తుడుచుకుంటూ, రోకలి పక్కన పెట్టి. "ఆ గీతకు జరిగే సేవలో సగం నాకు చేసి ఉంటే, నేనూ వణక్కుండా తిన్నగా నిలబడి ఉండేదాన్ని."

నాన్న నవ్వబోయి, అన్నగారి మొహం చూసి మానుకున్నాడు.

ఇదంతా పూర్వరంగం. అసలు రోజు తెల్లవారింది. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తున్నట్టు కబురందింది. నాన్న పరుగున వెళ్ళి కరెంటు మేస్త్రిని పట్టుకొచ్చాడు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని, గీత ముందు చాలాసేపు మౌనంగా నిలబడ్డాడు. పెద్ద డాక్టర్లు అలాగే నిలబడతారట. చివరికి "ఎర్తు లేదు" అన్నాడు, మంచాన పడ్డవాడికి తిండి లేదన్నంత బాధగా.

"ఇంట్లో తిరిగే కరెంటు ఊరికే ఉండదండీ. సందు దొరికితే ఫ్రిజ్‌లోంచి పెట్టెలోకి వచ్చే ఆ సన్నటి కొలత తీగలోకి దూరిపోద్ది. అందుకే అట్లా గంతులు. దానికి భూమిలోకి దారి చూపించాలి. చూపిస్తాం."

పెరట్లో ఇనప రాడ్డు దిగేసి, దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, అక్కడి నుంచి పచ్చ తీగ ఒకటి లాక్కొచ్చి తెల్ల పెట్టె వెనకాల ఉన్న మరకు బిగించాడు. గీత వణుకు సగానికి సగం తగ్గింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను లోపల్లోపల కొట్టాను. ఇంకాసేపు ఆగి, ఆ తీగనే కాస్త గట్టిగా బిగించి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నాకు గది ఉండేది. కాని మా ఇంట్లో ఆలోచనాపరులు ఎక్కువ.

"ఒక్క తీగకే సగం తగ్గిందంటే, ఇంకో తీగ వేస్తే మిగతా సగం తగ్గాలి. చిన్నపిల్లలు చేసే లెక్క ఇది" అని పెదనాన్న తన తరఫున కుళాయి గొట్టం నుంచి ఒక తీగ తెప్పించి అదే మరకు చుట్టించారు. ఇది చూసి మావయ్య ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, అంతే. కాని ఈ ఇంట్లో ఆయన ఏమీ అనకపోవడమంటే ఏమిటో నాయనమ్మకు తెలుసు.

"అల్లుడుగారికి తీగ లేదట్రా?" అంది ఆవిడ, లేచి కూర్చుని. "ఇంటికొచ్చిన అల్లుడు ఊరికే చూస్తూ కూర్చోవాలా? రేపు నా కూతురు అడిగితే నేనేం చెప్పుకోను?"

"అయ్యో, నాకెందుకండీ అత్తయ్యగారూ" అన్నారు మావయ్య, ఏ కిటికీ ఊచకు కట్టాలో చూపిస్తూనే.

అల్లుడుగారి తీగ మిగతావాటి కన్నా లావుగా ఉండాలని నాయనమ్మ పట్టుబట్టింది. దాంతో నాన్నకు కదలిక వచ్చింది. ఇల్లు తనది, ఫ్రిజ్ తనది, అప్లికేషను మీద పేరు తనది. మీటరు బోర్డు మర నుంచి తన తీగ తను లాక్కున్నాడు. అప్పుడు నాయనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"నాకెందుకులే నాయనా. పండుటాకుని. ఇవాళుంటాను, రేపు పోతాను. అందరికీ తీగలున్నాయి. చూసి సంతోషిస్తాను."

ఆవిడ ఆ మాట పూర్తి చేసేలోగానే ఆవిడ మంచం ఇనప కోడుకు ఒక తీగ చుట్టేశారు. ఆ మంచానికి భూమితో సంబంధం తెగిపోయి ఎన్నాళ్ళయిందో! కింద రబ్బరు బిళ్ళలున్నాయి. అయినా మర్యాద మర్యాదే. "నీకు కూడా ఒకటి వేయించమంటావా చెల్లెమ్మా?" అని మావయ్య అమ్మను అడిగారు. "నాకు తీగ వద్దన్నయ్యగారూ, మిక్సీ ఇప్పించండి" అంది అమ్మ. సాంకేతిక కారణాల వల్ల ఆ కోరిక తిరస్కరించారు.

ఇప్పుడు ఐదు తీగలు ఒకే మర కింద కుటుంబ ఫోటోలో మనుషుల్లా ఒకరి భుజం మీద ఒకరు పడి నిలబడ్డాయి. అందరం ఊపిరి బిగబట్టి తెర వైపు చూశాం. ఇంతవరకు వణికిన గీత, ఒక్కసారిగా శివాలెత్తింది. తెర పై అంచు కొట్టుకుని కింద పడుతోంది, కింది అంచు కొట్టుకుని పైకి లేస్తోంది. దాని లెక్క ప్రకారం మా ఫ్రిజ్‌లో నీళ్ళు మరుగుతున్నాయి.

నాన్న బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోను తవ్వి తీశాడు. తెల్ల పెట్టె కంపెనీకి కొట్టి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల కుర్రగొంతు. ఇదే మాట వెయ్యిమందికి చెప్పి అలసిపోయినట్టు చాలా మర్యాదగా ఉంది.

"ఎర్తు ఇచ్చారా సార్?"

"ఇచ్చామండీ. ఐదు."



"ఐదు... ఐదు చోట్ల నుంచా సార్?"

"ఐదు చోట్ల నుంచీ. మా ఇంట్లో ఎవరికీ తక్కువ చెయ్యలేదండీ."

"సార్, ఒక్కటే ఉండాలి. ఐదు చోట్లా భూమి ఒకేలా ఉండదు. ఒక తీగలోంచి వచ్చిన కరెంటు ఇంకో తీగలోంచి పోతూ మీ పెట్టె చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోంది. ఫ్రిజ్ బాగానే ఉంది, చలి బాగానే ఉంది. ఆ తీగలే గొడవ. నాలుగు పీకెయ్యండి."

"ఏ నాలుగు?"

"ఆ పెరట్లో రాడ్డుది ఉంచండి సార్. మిగతావి ఎవరివైనా ఒకటే, పీకెయ్యండి."

ఎవరివైనా ఒకటే! ఇంత కఠినమైన మాట మా ఇంటి గోడలు ఎన్నడూ విని ఉండవు. నాన్న ఫోనును మళ్ళీ బియ్యంలో సమాధి చేశాడు.

వెంటనే పెదనాన్న అధ్యక్షతన అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షోపన్యాసంలో ఆయన, త్యాగం గొప్ప గుణమనీ, దానికి యువతరం ముందుకు రావాలనీ, తన తీగ సంగతి వేరనీ చెప్పారు. "పెద్దవాడి తీగ పీకి బాగుపడ్డ ఇల్లు నేనెక్కడా చూడలేదు. అయినా మీ ఇష్టం. పీకండి. నేను అటు తిరుగుతాను" అని అటు తిరిగారు. అటు అద్దం ఉంది. మావయ్య మాటల మనిషి కాదు. సంచీ తెచ్చుకుని చొక్కా మడత పెట్టడం మొదలుపెట్టారు. అది చూసి నాయనమ్మ, "అల్లుడి తీగ పీకేదీ, నా పీక నొక్కేదీ ఒకటే. ముందు నాది పీకండిరా! నా తీగతో పాటు నన్నూ సాగనంపండి!" అని రాగం తీసింది. ఆ తీగ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికుంటుంది? నాన్న, "అందరివీ ఉంచి నాది పీకితే, ఇక ఈ ఇంట్లో నేనెవర్ని?" అని చాలా లోతైన ప్రశ్న వేశాడు. కరెంటు మేస్త్రి, తన రాడ్డు జోలికొస్తే ఇకపై ఇల్లంతా చీకటైపోయినా ఈ గుమ్మం తొక్కనని ఎవరూ అడక్కుండానే ప్రకటించాడు.

ఏకగ్రీవ తీర్మానం జరిగింది. ఫోను గొంతు తెలియజేసిన అభిప్రాయాన్ని ఈ సభ గౌరవిస్తోంది. తీగలన్నీ యథాస్థానాల్లో కొనసాగుతాయి. గీత సహకరించవలసిందిగా కోరడమైనది. సభ భోజనాలకు వాయిదా పడింది.

వాళ్ళు భోజనాలకు లేచాక నేను గదిలోకి వెళ్ళాను. నా గదే గాని చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంది. నా పుస్తకాల సంచీ తగిలించే మేకుకు కేబులు చుట్ట వేలాడుతోంది. నా కిటికీకి అల్లుడుగారు. తలుపు గడియ మాత్రం అలాగే ఉంది. కాసేపు దాన్ని చూశాను. తర్వాత పెట్టె వెనక్కి వెళ్ళాను.

మొదట నాయనమ్మ తీగ తీశాను. మంచం ఏమీ అనుకోలేదు. పెదనాన్నది తీశాను. గీత కొంచెం దిగింది. నాన్నది తీశాను, మనసులో క్షమించమనుకుని. ఇంకొంచెం దిగింది. అల్లుడుగారిది మాత్రం తాడులా బిగించి ఉంది. జడపిన్ను పెట్టి ఒక్కో చుట్టూ విప్పాను. ఆఖరి చుట్టు ఊడగానే గీత నాలుగు డిగ్రీల దగ్గరకొచ్చి, పాలు తాగిన పాపాయిలా పడుకుంది.

నాకు ఒంట్లో ఏదో గిలిగింతలు పెట్టినట్టయింది. నోరు రెండు చేతులతో మూసుకుని గది మధ్యలో నిలబడి గుండ్రంగా తిరిగాను. మంచం ఎక్కడ వేసుకోవాలో, డైరీ ఎక్కడ పెట్టుకోవాలో చూసేసుకున్నాను. అప్పుడే చేతులు తుడుచుకుంటూ సభ్యులు లోపలికి వచ్చారు.

"చూశారా!" అన్నారు పెదనాన్న గుమ్మంలోనే ఆగిపోయి. "నేను చెప్పలేదూ? కుళాయి నీళ్ళు పారే చోటు. భూమి అంటే అదీ భూమి!"

"కిటికీ ఊచ పాతకాలపు ఇనుము బావగారూ. ఇప్పుడా సరుకు రాదు" అన్నారు మావయ్య వినయంగా.

"మీటరు దగ్గరి నుంచి ఇస్తే ఇక తిరుగుండదు" అన్నాడు నాన్న.

"నా మంచం నా పెళ్ళినాటిది" అంది నాయనమ్మ.

ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. మేస్త్రి కూడా మధ్యలో దూరాడు. మా ఇంట్లో అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. నాయనమ్మ తన తీగను ముద్దుగా కళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, అది పెట్టె దాకా రాకుండా నేల మీదే ముగిసిపోవడం చూసింది.

"నా తీగ ఎవరు పీకారు?"

ఎవరి తీగ వాళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ నన్ను చూశారు. నా చేతిలో జడపిన్ను ఉంది.

"ఎందుకు ముట్టుకున్నావమ్మా?" అన్నాడు నాన్న. ఫోనాయన చెప్పినట్టే చేశాను నాన్నా, గీత చూడు నాన్నా అని చెప్పాలనుకున్నాను. "ఫో..." అన్నాను. మిగతాది గొంతులోనే ఉండిపోయింది.

"అవి పీకాకే గదా ఆ గీత కుదురుకుంది?" అంది అమ్మ వంటగది గుమ్మం నుంచి.

"అమ్మాయ్, ఇవి టెక్నికల్ విషయాలు. నీకు తెలియవు" అన్నారు పెదనాన్న. తీర్మానం తీర్మానమే గనుక తీగలన్నీ రెట్టింపు చుట్లతో తిరిగి బిగించారు. గీత మళ్ళీ శివాలెత్తింది.

ఇక్కడే మా ఇంటి తెలివితేటలు పూర్తిగా బయటపడ్డాయి. పెదనాన్న నుదురు రుద్దుకుంటూ కేసును విప్పారు. మనం వచ్చేసరికి గీత బాగుంది. ఇప్పుడు బాగాలేదు. తీగలు చూద్దామా అంటే తీర్మానం ప్రకారమే ఉన్నాయి, కాబట్టి వాటిలో తప్పుండదు. మరి గదిలో ఉండకూడనిది ఏముంది? ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టు, అందరి చూపులూ తిరిగి తిరిగి నా మీద పడ్డాయి.

"అమ్మడూ, నువ్వోసారి బయటికెళ్ళు."

వెళ్ళాను.

"తగ్గిందా?"

"తగ్గినట్టే ఉంది బావగారూ."

"లోపలికి రామ్మా. ఆఁ... అదుగో! లేచింది చూడు! బయటికి. తగ్గింది. లోపలికి."

ఇలా నేను గోడ గడియారంలో బొమ్మ పిట్టలా గుమ్మం లోపలికీ బయటికీ తిరిగాను. తిరిగి తిరిగి నాకు లెక్క తప్పింది. ఒకసారి "లేచింది, లేచింది!" అని అందరూ అరుస్తున్నప్పుడు నేను బయటే ఉన్నాను. ఆ మాట మెల్లగా చెప్పాను.

"బయట ఉండి కూడానా!" అన్నారు పెదనాన్న, కుర్చీలో కూలబడి.

మేస్త్రి జేబులోంచి టెస్టరు తీసి నా అరచేతిలో గుచ్చాడు. దాని బల్బు వెలగలేదు. "చూశారా, వెలగట్లేదు" అన్నాడు భయంగా. "లోపలే దాచుకుంటోంది. ఈ వయసు పిల్లల్లో ఉంటదండీ, నేను చూశాను." నాయనమ్మ నా నుదుటి మీద చెయ్యి వేయబోయి, షాకు కొడుతుందేమోనని చీర కొంగు అడ్డం పెట్టుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను "ఉన్నాను సార్" అన్నది ముందు బల్ల దాకా కూడా వెళ్ళేది కాదు. వచ్చిన రోజున కూడా రానట్టే రాసుకునేవారు. అలాంటి నేను ఫ్రిజ్‌ని గడగడలాడిస్తున్నానట.

నన్ను నడవాలో, నడవా చివర, తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి చూశారు. గీత దూకుతూనే ఉంది. ఇంతలో వీధిలోంచి "ఏమండీ, ఎవరున్నారండీ లోపల" అని కేక వినబడింది. బెల్ లేదు గదా, తనిఖీ అధికారే కేకేస్తున్నారు. నాన్న తెర ముందుకు పరుగెత్తాడు, నేను అరుగు మీంచి నడవాలోకి తప్పుకున్నాను.

ఆ ఘడియలో మావయ్య ముందుకొచ్చారు. ఆయన కంప్యూటర్ తెలిసిన మనిషి. తెర మీద ఒక మూల చిన్న గడి ఉంది. ఒక్కో కొలతకు ఒక్కో చుక్క పెట్టకుండా, కొన్ని కొలతలు కలిపి సగటు తీసి గీయాలంటే ఆ గడిలో అంకె వేయాలి. గీత సన్నగా వణికే చోట పదో ఇరవయ్యో వేసుకోవచ్చని పెట్టె కంపెనీవాళ్ళు మొదట్లోనే చెప్పారు. మావయ్య పది వేశారు. వణుకు కాస్త తగ్గింది. పక్కన సున్నా పెట్టారు. ఇంకొంచెం తగ్గింది. సున్నాలకు ఖర్చేముంది? గడి నిండేదాకా పెట్టుకుంటూ పోయారు. అంటే ఇక ఇప్పటి చలి ఎంతో గీతకు తెలియదు. ఎప్పటెప్పటి చలో కలిపి, పిసికి, ముద్ద చేసి చెబుతుంది. గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకు, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది. అధికారి లోపల అడుగుపెట్టారు.

ఆయన గీతను చూసి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"నా సర్వీసులో ఎన్నో గీతలు చూశానండీ. వంకర గీతలు చూశాను, వణికే గీతలు చూశాను. గీత చూస్తే ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పేస్తాను. ఇది క్రమశిక్షణ గల ఇల్లు!"

పెదనాన్న తల వంచి ఆ ప్రశంసను తన సర్వీసు మొత్తానికీ కలిపి స్వీకరించారు. అధికారి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, దాన్ని ఆనుకుని నిలబడి, జాతి నిర్మాణంలో శీతలీకరణ పాత్ర గురించి మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. చల్లగాలి నడవాలోకి వచ్చి నా పాదాలకు తగిలింది. సీసాలకు చెమట పట్టి నీళ్ళు నేల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. గీత నాలుగు డిగ్రీల మీద నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"తలుపు తెరిచినా చలనం లేదు! ఇది ఫ్రిజ్ కాదండీ, మహర్షి!"

ఆ ఆనందంలో ఆయన చెయ్యి తగిలి, కొలత తీగ జారి, అమ్మ తెచ్చిన టీ కప్పులో పడింది. అందరూ గుండెలు చిక్కబట్టుకుని తెర వైపు చూశారు. నాలుగు డిగ్రీలు. అధికారి తీగను పక్కకు తీసి టీ తాగారు. నాలుక చుర్రుమన్నట్టుంది, మూతి ముడిచారు. కాని మరోసారి గీత వైపు చూసి, కప్పు అమ్మ చేతికి తిరిగి ఇచ్చారు.

"కొంచెం వేడి చేసి తీసుకురండమ్మా. చల్లారిపోయింది."

పొగలు కక్కుతున్న కప్పు పట్టుకుని అమ్మ వంటగదిలోకి వెళ్ళింది. ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. నవ్విందో ఏడ్చిందో తెలియదు.

సంతకం పడింది. పడ్డాక అధికారి వేలెత్తి నాన్నను హెచ్చరించారు. "ఒక్క మాట. ఇంత మంచి గీత ఊరికే రాదు. ఈ గది ఇలాగే ఉండాలి. ఈ తీగలు ఇలాగే ఉండాలి. మేకు కదిలించినా, బూజు దులిపినా నాకు సంబంధం లేదు."

"అంగడి గదిలోకి మారుద్దామని..." అన్నాడు నాన్న.

"మారిస్తే సంతకం చెల్లదు."

"మా దగ్గర ఒకే ఒక్క లోపం ఉండేదండీ. స్వయంగా పరిశోధించి కనిపెట్టి తొలగించాం" అని పెదనాన్న నడవా వైపు చెయ్యి చూపారు. అధికారి నన్ను పైనుంచి కింది దాకా చూసి, సానుభూతిగా తలాడించారు.

"వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుందండీ. ముందే గుర్తించారు, అదృష్టవంతులు."

ఆయన వెళ్ళిపోయాక అందరూ గదిలో గీత చుట్టూ చేరారు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అంతమంది వినేలా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాను.

"నాన్నా, గీత తిన్నగా వచ్చింది గదా."

"వచ్చింది తల్లీ."

"మరి నా గది?"

అందరూ ఒక్కసారి గీత వైపు తిరిగారు.

"కదిలింది!" అన్నారు పెదనాన్న.

"అది నోరు తెరవగానే కదిలింది" అన్నారు మావయ్య. తన చేత్తో అన్ని సున్నాలు పెట్టినాయన.

"నేనూ చూశాను" అంది నాయనమ్మ. ఆవిడకు తెర ఎక్కడుందో కూడా ఆనదు. మేస్త్రి కూడా చూశాడు. నాన్న కాసేపు నన్నూ కాసేపు గీతనూ చూసి, "కొంచెం కదిలినట్టే ఉందమ్మా" అన్నాడు.

గీత కదల్లేదు. ఇల్లు తగలబడినా అది కదలదు. వచ్చే వారం నుంచి ఆ ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు తీసేసి మందులు పెడతారు. చుట్టుపక్కల అన్ని ఊళ్ళకూ అక్కడి నుంచే వెళ్తాయి, మీ ఊరికి కూడా. మీ ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడినప్పుడు నిశ్చింతగా వేసుకోండి. తగ్గకపోతే మందును మాత్రం అనకండి, దానికి సంతకం ఉంది. ఇంట్లో ఎవరు గుమ్మంలో నిలబడ్డారో చూసుకోండి.

"రేపు మాట్లాడుకుందాంలే తల్లీ" అని నాన్న నా తల నిమిరి, మెల్లగా, గీత అదరకుండా, తలుపు వేశాడు.